మంగాయమ్మ వేయించిన మార్కులు

"అమ్మా, ఆ ఫోనెత్తకు!"

స్నానాల గదిలోంచి మురళీమోహన్ పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించే ఉంటుంది. వసారాలో కూర్చుని చిక్కుళ్ళు తుంచుతున్న వాళ్ళమ్మ మంగాయమ్మకి మాత్రం వినిపించలేదు. అప్పటికే ఆవిడ ఫోనెత్తి, అలవాటు ప్రకారం స్పీకరు పెట్టి, "ఎవరండీ?" అనేసింది.

"నమస్తే అమ్మా. యూనివర్సిటీ తరఫున మాట్లాడుతున్నాను. పీజీ సెంటర్ గురించి నాలుగు ప్రశ్నలు అడగొచ్చా?" అంది అవతలి అమ్మాయి.

కోడలు సుప్రియ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది.

ఆ సెంటర్ కొత్తపేటకివ్వాలా, రాజోలుకివ్వాలా అని తేల్చడానికి రెండూళ్ళ వాళ్ళకీ ఫోన్లొస్తున్నాయి. ఆడపిల్లలు ఉండి చదువుకోవడానికి ఊరెలా ఉంటుందో జనమే చెప్పాలి. ఎక్కువ మార్కులొచ్చిన ఊరికే సెంటర్. అది కొత్తపేటకొస్తే సుప్రియ ఇంట్లోంచే వెళ్ళి ఎమ్మెస్సీ చదువుకుంటుంది. రాకపోతే ఎక్కడో హాస్టల్లో చేరి, ఆదివారం ఆదివారం మొగుడి మొహం చూసుకోవాలి. పొద్దున్నే పాలమీద మీగడ ఎవరు తినాలని ఇద్దరూ దెబ్బలాడుకుంటున్న రోజులాయె!

ఊరు తన వంతు చేసింది. కాలేజీ రోడ్డులో లైట్లు వేయించారు. కాలవలో గుర్రపుడెక్క తీయించారు. గోడల మీద సినిమా పోస్టర్లు గీకి రంగులేశారు. ఇక మిగిలింది జనం నోళ్ళు. ఆ పని కాలేజీలో లెక్చరరైన మురళీమోహన్ మీద పడింది. అతను గడప గడపకీ తిరిగి, ఏమడిగితే ఏం చెప్పాలో అందరి చేతా అప్పజెప్పించుకున్నాడు.

తల తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చిన అతని చెవిలో సుప్రియ గుసగుసగా అంది. "ఏవండీ, అత్తయ్యగారికి నేర్పలేదేంటి?"

"ఊరందరికీ నేర్పేను గానీ ఇంట్లో మర్చిపోయేను. అయినా మా అమ్మ నేర్పితే చెప్పే మనిషా?"

నిజమే. ఆవిడ నోట అబద్ధం రాదు. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు అందుకుంటూనే, "మావాడు గురక పెడతాడండి, ముందే చెబుతున్నాను" అన్న మనిషి.

"పక్కనుంచి ఎవరైనా అందిస్తే మీ జవాబులు లెక్కలోకి రావమ్మా," అంది ఫోన్లో అమ్మాయి.

మురళీమోహన్ తెరిచిన నోరు టక్కున మూసేశాడు.

"నాకెవరందిస్తారు తల్లీ! భోంచేశావా?"

"ఇంకా పదేనండీ అయింది."

"పోనీ టిఫినేం తిన్నావు?"

"ఉప్మా అండీ."

"ఉప్మా తిని పొద్దున్నుంచీ ఊళ్ళవాళ్ళందరితోటీ మాట్లాడుతున్నావా? నీ ఓపిక్కి దణ్ణం పెట్టాలి. సరే అడుగు."

"మీ ఊళ్ళో రోడ్లెలా ఉంటాయమ్మా?"

సుప్రియ కళ్ళు గట్టిగా మూసుకుంది. నిన్ననే బజారు నుంచి ఆటోలో వస్తూ, గోతికో తిట్టు చొప్పున ఇల్లు చేరిందావిడ.

"రోడ్డా? అద్దం తల్లీ! ఆటోలో వెళ్తే తల్లో పువ్వు కదల్దు."

సుప్రియ కళ్ళు తెరిచింది. మురళీమోహన్ చేతిలో తువ్వాలు జారి కిందపడింది.

"సాయంత్రం పూట ఆడపిల్లలు ధైర్యంగా తిరగ్గలరా?"

"ఎందుకు తిరగరూ? పిల్ల వెనకాల ఎవడైనా సైకిలేసుకుని వచ్చేడనుకో, ముందు కొట్టాయనే దిగొచ్చి వాడి చెవి మెలేస్తాడు. తర్వాత వాడి నాన్నకి కబురెడతాడు."

"తాగేనీళ్ళ సంగతేంటమ్మా?"

మంగాయమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, పెద్ద నిట్టూర్పు విడిచింది. "నీళ్ళ సంగతి మాత్రం నన్నడక్కు తల్లీ..."

అయిపోయింది, అనుకుంది సుప్రియ. హాస్టలు మంచం, ఇనప పెట్టె కళ్ళముందు కదిలాయి. అట్లకాడని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. మురళీమోహన్ గోడకి జారగిలబడి, దేవుడి పటం వైపు తిరిగాడు.

"...చెబితే నీకు దాహమేస్తుంది! కొబ్బరినీళ్ళే అనుకో."

ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"బయటినుంచొచ్చే పిల్లలకి గదులు అద్దెకిస్తారా అమ్మా?"

"అద్దె మాట తర్వాత. ముందు అన్నం పెట్టేక గది చూపిస్తారు. పిల్లకి జ్వరమొస్తే పక్కింటావిడ తెల్లార్లూ తలాపున కూర్చుంటుంది. ఆ మనుషులే వేరమ్మా. ఆ నేలలోనే ఏదో ఉంది."

సుప్రియకి కళ్ళు చెమ్మగిల్లాయి. జన్మలో అబద్ధమాడని మనిషి, తనకోసం, నిన్నగాక మొన్నొచ్చిన కోడలికోసం ఎన్ని అబద్ధాలాడుతోంది! అదీ ఎంత ముచ్చటగా, తడుముకోకుండా! ఈ పూట ఆవిడకి ఇష్టమైన పనసపొట్టు కూర చెయ్యాలి. డాక్టరేమన్నా సరే, నూనె కాస్త ఎక్కువే పోసి ఆవ పెట్టాలి. మురళీమోహన్ ఆమె చెయ్యి అందుకుని గట్టిగా నొక్కాడు.

"అన్నిటికీ పదికి పది వేశానమ్మా!" ఫోన్లో అమ్మాయి గొంతులో కూడా సంబరం. "ఇంత మురిపెంగా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆఖరుగా ఒక్కటి. ఈ మార్కులు ఏ ఊరికి వేసుకోమంటారు?"

మంగాయమ్మ కొడుకునీ కోడలినీ చూసి మురిపెంగా నవ్వి, చిక్కుడుకాయ పుటుక్కున తుంచింది.

"మాది రాజోలు తల్లీ! ఈ కొత్తపేట కోడలిగా వచ్చి ఇంకా నలభై ఏళ్ళేగా అయిందీ."