సున్నపు తేట

వీధి కిటికీ చువ్వలు పట్టుకుని ఎవరో లోపలికి చూస్తున్నారు.

"ఎవరు నువ్వు?" హైమవతమ్మ గద్దించింది.

"ఏం లేదండి. ఆ పగడం ఓసారి చూద్దామనండి."

ముసలాయన. మాసిన పంచె, పక్కన పాత సైకిలు. కళ్లు మాత్రం పండుమిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్లు చూడగానే హైమవతమ్మ గుండె ఝల్లుమంది.

కొడుకు శశిభూషణ్ మాత్రం నవ్వుతూ తలుపు తీశాడు.

"లోపలికి రండి. దగ్గర్నించి చూడండి."

చూపించడమంటే శశిభూషణ్‌కి మహా సరదా. నరసాపురంలో కెమిస్ట్రీ లెక్చరరు. ఓడలో ఇంజనీరుగా చేసే బావమరిది తెచ్చిచ్చిన పగడపు కొమ్మను వీధిగదిలో అద్దాల తొట్టి పెట్టి, సముద్రపు నీళ్లు పోసి పెంచుతున్నాడు.

చూసిన ప్రతివాడూ "ఎండాకాలం దాటదు మాస్టారూ" అన్నవాడే.

ఎండాకాలం దాటింది. వానాకాలమూ దాటింది. కొమ్మ చివర్లు తెల్లగా చిగుళ్లేస్తున్నాయి. మాస్టారి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"దీనికేం పెడతారండి?" ముసలాయన అడిగాడు.

"సున్నం."

"సున్నమాండి?"

"కిళ్లీలో వేసుకునేదేనండి. నీళ్లలో కలిపి, మడ్డి అడుక్కి దిగాక, పైన తేట మాత్రం చుక్కచుక్కగా పడనివ్వాలి. దాంతోనే పగడం ఒళ్లు కట్టుకుంటుంది."

తొట్టి పైన బల్ల మీద ప్లాస్టిక్ క్యాను. దానికి తగిలించిన సెలైన్ ట్యూబులోంచి తేట చుక్కలుగా రాలుతోంది.

"రాతిసున్నం వాడి చూశాను, లాభం లేకపోయింది. మణిశంకర్ కిళ్లీ కొట్లో గుల్లసున్నం దొరికాక చూడండి, ఎలా ఎదుగుతోందో!"

ముసలాయన రెప్ప వేయలేదు.

"ఎదుగుతోందన్నమాట..." అని గొణుక్కుని, తొట్టికో మాస్టారికో తెలియకుండా దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పేరు చెప్పలేదు. శశిభూషణ్ అడగనూ లేదు.

తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు మసకబారాయి. కొమ్మ మీద పువ్వుల్లా విచ్చుకునే పగడపు జీవులన్నీ ముడుచుకుపోయాయి.

"నేను చెప్పలా? ఆ కళ్లు చూసినప్పుడే అనుకున్నా!" అంది హైమవతమ్మ.

"పగడానికి దిష్టేంటమ్మా? వింటే నా స్టూడెంట్లు నవ్వుతారు."

"పిల్లలకి తగులుతుంది, పాడిగేదెకి తగులుతుంది. దీనికి మాత్రం తగలదా? ఇదీ ప్రాణమున్నదేనని నువ్వేగా అన్నావు?"



శశిభూషణ్ నీళ్లు మార్చాడు. ట్యూబు మార్చాడు. పగడం మళ్లీ విచ్చుకుంది. "నా చేతిలో పడ్డాక ఎలా పోతుంది?" అని కాలరెగరేశాడు.

ఆదివారం ముసలాయన మళ్లీ వచ్చాడు. చూసి వెళ్లాడు. పగడం మళ్లీ ముడుచుకుంది.

ఈసారి విచ్చుకోవడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఒక కొమ్మ విచ్చుకోనే లేదు, పాలిపోయింది. శశిభూషణ్‌కి భయం పట్టుకుంది. బావమరిది ఓడ ఉద్యోగం మానేసి ఒడ్డెక్కాడు. ఇది చస్తే ఇంకొకటి తెచ్చేవాడు లేడు.

ఆ పై ఆదివారం గేటు చప్పుడైంది.

శశిభూషణ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంక రాకండి. ఏమీ అనుకోకండి. మీరు చూసి వెళ్లినప్పుడల్లా అది పాడవుతోంది."

ముసలాయన ముఖం వాడిపోయింది.

"నా వల్లాండి?"

శశిభూషణ్ తలుపు సగం మూశాడు.

"ఈ ఒక్కసారి చూసి పోదామని వచ్చానండి. అయితే వద్దులెండి. అది బాగుంటే చాలండి."

సైకిలు తిప్పుకున్నాడు. కిటికీ పక్కనుంచి వెళ్లేటప్పుడు పొరపాటున కూడా చూపు పడకుండా తల అటు తిప్పుకున్నాడు.

శశిభూషణ్ లోపలికొచ్చి కొయ్యబారిపోయాడు. హైమవతమ్మ స్టూలెక్కి గరిటెతో క్యాను అడుగున కలియబెడుతోంది.

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

"ఎర్రనీళ్లకి సున్నం వద్దూ? వాడు గుమ్మం దాకా వచ్చాడు కదరా. పసుపులో కలిపి దిష్టి తీసేస్తా."

"ఇందులోంచా?"

"ఇంట్లో ఇంత సున్నం పెట్టుకుని కొట్టుకెళ్లడమెందుకు? వాడు వచ్చినప్పుడల్లా ఇందులోంచే తీస్తున్నా."

అడుగున దిగిన మడ్డంతా లేచింది. ట్యూబులో తేటకు బదులు పాలలాంటి సున్నం తొట్టిలోకి దిగుతోంది.

శశిభూషణ్ గబుక్కున ట్యూబు నొక్కి పట్టాడు. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే, తల తిప్పుకుని వెళ్లిన మనిషి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే స్కూటరు తీశాడు. చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి. కుర్చీ వేసి తొట్టి ముందు కూర్చోబెట్టాలి.

వీధి చివర మణిశంకర్ కొట్టు దగ్గర ఆ పాత సైకిలు ఆనించి ఉంది. అమ్మయ్య అనుకున్నాడు.

"మణిశంకర్, ఈ సైకిలాయన ఏడీ?"

"అబ్రహామాండి? ఇప్పుడే బస్సెక్కించానండి. సైకిలు నాకిచ్చేశాడు. కూతురింటికి బరంపురం పోతున్నాడు, ఇంక రాడండి."

"ఎవరతను?"

"మీకు తెలీదాండి? మీరు పట్టుకెళ్లే గుల్లసున్నం ఆయన బట్టీదేనండి. మొగల్తూరు అవతల. మొన్నే ఆర్పేశాడు."

"ఎందుకు?"

"పొగకీ సున్నపు ధూళికీ కళ్లు పోతున్నాయండి. ఇంక ఎన్నాళ్లో కనపడవని డాక్టరు చెప్పేశాడట."

శశిభూషణ్ స్కూటరు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

"వయసంతా సముద్రపు గుల్లలు కాల్చి సున్నం చేశాను బాబూ, ఆ మాస్టారింట్లో నా సున్నం మళ్లీ ప్రాణం పోసుకుంటోంది, కళ్లు పోయేలోగా ఇంకొక్కసారి చూసుకొస్తానని, పొద్దుటి బస్సు వదిలేసి మరీ ఇందాక మీ ఇంటికే వచ్చాడండి."