బ్యాటరీ లేకుండా వచ్చిన తంతి

"రంగం నుంచి ఇయాల తంతి రాకపోతే దీని గాజులు తీయించెత్తాం బాబూ. అంతే," అన్నాడు ఎర్రయ్య, కిటికీ చువ్వలకు మొహం ఆనించి.

అనకాపల్లి తంతి ఆఫీసులో త్రినాధరావుకి తలెత్తే తీరిక లేదు. మధ్యాహ్నం నుంచి వాల్తేరు లైనుకి పిచ్చెత్తింది. తను కొట్టింది అటు పోవడం లేదు, అటునుంచి ఏమీ రావడం లేదు.

ఎర్రయ్య పక్కన అతని తమ్ముడి పెళ్ళాం దేవుడమ్మ నిలబడి ఉంది. వాళ్ళది కశింకోట దగ్గర పల్లె. వీళ్ళు రంగం అనే రంగూన్ మీద బాంబులు పడ్డాక ఆమె ఒక్కతే ఓడెక్కి వచ్చేసింది. మొగుడి పేరు పరదేశి, వెనకాలే వస్తాడని చెప్పింది. రెండు నెలలు దాటినా పరదేశి జాడ లేదు. రోజూ ఈ కిటికీ దగ్గరకొచ్చి "వచ్చిందా బాబూ" అనడం, లేదనిపించుకుని వెళ్ళిపోవడం ఆమెకి అలవాటైపోయింది.

"రాలేదయ్యా. లైను బాగాలేదు," అన్నాడు త్రినాధరావు.

"బతికున్నోడైతే కబురెట్టడా? పొద్దుగూకేలోగా కర్మ మొదలెట్టీయాలన్నారు పెద్దలు. రావికమతంలో దీనికి మారుమనువు సంబంధం కూడా సూసేం."

"నాకింకో మనువొద్దు బావా," అంది దేవుడమ్మ. "ఆయన వత్తాడు."

"వత్తాడు వత్తాడని ఎన్నాళ్ళు సెప్తావే? నాకు మాత్రం తమ్ముడు కాడేటి. ఆడు బతికున్నాడని ఈ బాబు నోటంట ఒక్క మాట రానీ. జన్మలో నీ గాజుల జోలికి రాను."

దేవుడమ్మ త్రినాధరావు వైపు చూసింది. ఆ చూపు ఏమడుగుతోందో అతనికి తెలుసు. తల తిప్పేసుకున్నాడు. రాని తంతి వచ్చిందంటే ఉద్యోగం ఊడుతుంది, అది సరే. అసలు అబద్ధమన్నది అతని ఒంటికి పడదు. పెళ్ళిచూపుల్లో తన వయసు తగ్గించి చెప్పిన మేనమామని అందరి ముందూ సరిదిద్దిన మనిషి.

అప్పుడు బల్ల మీద యంత్రం కదిలింది. టక్. టకటక. టక్.

"అదిగో," అంది దేవుడమ్మ.

త్రినాధరావు చెవి ఒగ్గాడు. ఇరవై ఏళ్ళుగా వింటున్న చప్పుడే, కానీ ఒక్క అక్షరం అందడం లేదు. ఆగుతోంది, సాగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. అక్షరాలు రానివాడి చేతికి పలకా బలపం ఇచ్చినట్టుంది. లేచి వెళ్ళి బ్యాటరీ బీరువా తెరిచి, తీగలు రెండూ పీకేశాడు. దాంతో నోరు మూతపడాలి.

మూతపడలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టుకుంది. త్రినాధరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పీకేసినా మాటాడతందేటి బాబూ?" ఎర్రయ్య గొంతు సన్నబడింది.

పైఅధికారి ఒకసారి చెప్పిన సంగతి గుర్తొచ్చి త్రినాధరావు ఊపిరి పీల్చుకున్నాడు. "భయపడకండి. సూర్యుడి మీద తుపాను రేగితే ఇక్కడ భూమిలో కరెంటు పారుతుందట. రెండేళ్ళ కిందట అమెరికాలో ఇలాంటి తుపానుకే కరెంటు కంపెనీల వాళ్ళు తలలు పట్టుకున్నారట. దీని తీగ ఒకటి స్తంభాల మీద పోతుంది. రెండోది ఇదిగో, ఈ గోడవార మట్టిలోకి పోతుంది. ఆ మట్టిలోంచి వస్తోందిది."

"మట్టిలోంచా?" అంది దేవుడమ్మ.

"అవునమ్మా. మట్టిలోంచే."

ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. రెండు చేతులతో చువ్వలు పట్టుకుంది. గాజులు ఇనుముకి తగిలి గలగలమంటున్నాయి.

ఎర్రయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "సూర్యుడి గొడవ నాకెందుకు బాబూ. అది మా తమ్ముడి కబురా, కాదా? అది సెప్పండి."

'కాదు' అన్న మాట త్రినాధరావు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చేతుల్ని చూశాడు.

"పరదేశే," అన్నాడు. "క్షేమంగా ఉన్నాడు. ఓడ దొరకలేదట. ఆలస్యమైనా వస్తానంటున్నాడు. గాజులు మాత్రం తీయించవద్దన్నాడు."

అలవాటు లేనివాడు ఆడితే అబద్ధం కాస్త ఎక్కువే పడుతుంది. అయినా ఎర్రయ్య శంకించలేదు. బ్యాటరీ పీకేశాక కూడా మాట్లాడుతున్న యంత్రాన్ని కళ్ళారా చూస్తున్నవాడు ఏం శంకిస్తాడు? యంత్రానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మకి సెప్పాల, బండి కడతాను," అని రోడ్డు మీదకి పరిగెత్తాడు.

దేవుడమ్మ కదల్లేదు.

త్రినాధరావుకి మనసు ఊరుకోలేదు. కిటికీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నీ దగ్గర కూడా దాచి పాపం మూటగట్టుకోలేనమ్మా. నేను చెప్పింది అబద్ధం. అది ఎవరి కబురూ కాదు. ఆశ పెట్టుకోకు."

"అబద్ధమని తెలుసు బాబూ. బావకి ఆ మాట సాలు. సల్లగుండండి."

"తెలుసా?"

ఆమె అతన్ని చూడటం లేదు. అతని భుజం మీదుగా యంత్రాన్ని చూస్తోంది. అది కాసేపు ఆగి, మళ్ళీ నెమ్మదిగా టక్‌మంది.

"బాంబులేసిన నాడే పోయేడు బాబూ, ఈ సేతుల్తోనే మట్టి కప్పీసి ఓడెక్కేను," అంది దేవుడమ్మ. "ఇప్పుడు బావ లేడు కదా, మట్టిలోంచి ఆయన నిజంగా ఏటంటన్నాడో నాకు సెప్పండి."