గోడ మీది అంకె

ఎవరూ అడగని సంగతి చెప్పకుండా ఉండిపోతే అది అబద్ధం కిందికి వస్తుందా, రాదా? ఇరవై ఆరేళ్లుగా ఆమెకు తెగని సందేహం ఇది. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక ఆఖరున ఇదే అడుగుతుంది. అడగని సంగతులు చెప్పే అలవాటు దేవుడికీ ఉన్నట్టు లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దణ్ణం సగంలో ఉండగానే గోడ అవతల ఇనప బంతి దొర్లిన చప్పుడైంది. ఆమె కళ్లు తెరిచింది. ఆట మొదలైంది.

వాళ్ల కాపురం, నాణెం వేసి ఆడే పిన్‌బాల్ మిషన్ల హాలు వెనక ఒక్క గదిలో. దానికి కిటికీ లేదు. బయట వాన పడుతోందో లేదో తెలియాలంటే పన్నెండు మిషన్లు దాటుకుని వీధి గుమ్మం దాకా రావాలి. ఈ గది నాకు పడదని ఆమె భర్తతో ఎప్పుడూ అనలేదు. నీకు పడుతోందా అని ఆయనా అడగలేదు.

హాలు పెట్టింది మామగారు. రోజూ హాలు మూశాక గుర్రాల బొమ్మలున్న మిషన్ మీద ఒక్క ఆట ఆడి గాని ఆయన అన్నానికి లేచేవాడు కాదు. ఒక రాత్రి ఆ ఆట ముగించాకే మంచాన పడి, తెల్లారేలోగా పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, తన చివరి ఆటను ఎవడు దాటితే వాడికే హాలు అమ్మమన్నాడు. ఆట రానివాడి చేతికిస్తే మిషన్లు తుక్కు కొట్టుకి పోతాయని ఆయన భయం.

అది పాతకాలపు మిషన్. ఆట అయ్యాక అంకెల చక్రాలు ఎక్కడ ఆగాయో, మళ్లీ ఎవరైనా ఆడేదాకా అక్కడే ఉంటాయి. ఆయన పోయాక పది రోజులు హాలు మూసి, పదకొండో రోజు కొడుకు తలుపు తీస్తే గుర్రాల మిషన్ మీద తొంభై ఒక్క వేల నాలుగు వందల పది కనిపించింది. అద్దానికి నుదురు ఆనించి ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొత్త కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. సాయంత్రానికల్లా పెయింటరు వచ్చి ఆ అంకెను గోడ మీద ఎర్రగా రాసి వెళ్లాడు.

తరవాత వీడియో గేములొచ్చాయి, వాటి వెనక ఫోన్లొచ్చాయి. జనం పోయారు. మిషన్ల మీద పాత దుప్పట్లు కప్పి, ఆయన పక్క వీధుల వాళ్ల ఫ్యాన్లు బాగుచేస్తూ ఇల్లు గడిపాడు. బట్టల కొట్టుకని, గోడౌనుకని ఎవరో ఒకరు బేరానికి వచ్చేవారు. ఆయన గోడ చూపించేవాడు. ఈ హాలు కొనడం కంటే గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకోవడం తేలికని వీధిలో ఒక జోకు పుట్టింది.

రెండేళ్లుగా గాలి మళ్లింది. ఫోన్లు చూసి చూసి విసుగెత్తిన కుర్రకారు వరస కట్టి వస్తున్నారు. ఈలోగా మిషన్ల కింద కూర్చుని కూర్చుని ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. అలాంటి సమయంలో ఒకావిడ వచ్చింది. ఇలాంటి హాళ్లు రెండు నిలబెట్టిన మనిషి. ఒక్క మిషన్ కూడా తీసెయ్యనని మాటిచ్చింది. ఆవిడ ఇస్తానన్న డబ్బుకి రెండు గదుల ఇల్లు వస్తుంది. ప్రతి గదికీ కిటికీ ఉంటుంది. అంకె దాటడానికి పేరుమోసిన ఆటగాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. రెండుసార్లు ఓడిపోయాడు. ఇది మూడోసారి.

ఆమె హాల్లోకి వచ్చేసరికి చక్రాలు తొంభై వేలు దాటాయి. ఆమె గుప్పిళ్లు బిగుసుకున్నాయి. బంతి పక్కకి జారబోతుంటే ఆటగాడు ఆత్రంగా మిషన్ని తొడతో ఒక్క నెట్టు నెట్టాడు. మిషన్ని కుదిపితే ఆట ఆపేసే టిల్ట్ దీపం వెలిగింది. బంతిని కొట్టే రెక్కలు రెండూ చచ్చుబడ్డాయి. వాటి మధ్యనుంచి బంతి నింపాదిగా కిందికి దిగిపోయింది.

"అయిదొందల నలభై తక్కువ. అంతేగదండీ," అంది కొనడానికి వచ్చినావిడ. "మీ నాన్నగారుంటే ఒప్పుకునేవారు."

"ఉంటే ఆయన్నే అడుగుదురు," అన్నాడాయన.

ఆ అంకె మామూలు మనిషి చేసేది కాదని ఆటగాడు చెమట తుడుచుకుంటూ గొణిగాడు. ఆ మాటకి ఆయన ఛాతీ పొంగింది, మొహం వాడిపోయింది. అయిదింటి దాకా ఊళ్లోనే ఉంటానని, ఆ తరవాత ఇంకో హాలు చూసుకుంటానని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

ఆయన కౌంటర్ వెనక కూలబడి భార్యను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అమ్మాలని తనకి మాత్రం లేదా అన్నాడు. ఈ హాలు తనని మింగేసిందనీ, ఏం చేస్తాం, నాన్న మాట నాన్న మాటేననీ అన్నాడు. ఆపైన, "నా తరవాత వీళ్లంతా నీ చుట్టూ చేరతారు. నువ్వు మెత్తటిదానివి. గోడ మీద అంకె దాటనివాడికి హాలు ఇవ్వనని దేవుడి మీద ఒట్టు వెయ్యి," అన్నాడు.

గడియారం మూడున్నర చూపిస్తోంది. ఆమె లేచి గదిలోకి వెళ్లింది. దేవుడి ముందు ఒట్టు వెయ్యడానికే వెళ్లిందనుకుని ఆయన చేతులు జోడించాడు.

తిరిగొచ్చి ఆమె కౌంటర్ మీద ఒక నాణెం పెట్టింది.

"ఒట్టు వెయ్యమంటే డబ్బులిస్తావేమిటి?"

"బాకీ అండీ. మామయ్యగారు పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం మీరు నిద్రపోతుంటే ఈ సొరుగులోంచి తీసుకున్నాను."

"దేనికి?"

"గుర్రాల మిషన్‌లో వేశాను."