ఏనుగు లేని చీటీ

"ఏనుగేదీ?" అని అరిచింది మేనేజరు.

తెర మీద పిల్ల ఏనుగు సినిమా ఆడాలి. దానికి బదులు మూడంటే మూడు లైన్లు కనిపిస్తున్నాయి: ఫైలు పేరు, సైజు, అసలు ఫైలు దాచిన చోటు.

"అది చీటీ మేడమ్. బరువైన ఫైళ్ళు మన పనంతా ఉండే రిపాజిటరీలో పెట్టం కదా. ఇక్కడ చీటీ, దూరంగా సర్వర్లో సరుకు. ఇప్పుడే దింపుతాను," అన్నాడు చీటీల మాస్టారు. ఆఫీసులో ఆ పద్ధతి పెట్టింది అతనే. అతనికి ఆ పేరు తెచ్చిపెట్టింది ఆ పద్ధతే.

"నాలుగింటికి పార్టీ వస్తున్నారు. ఏనుగు నడవకపోతే కాంట్రాక్టు గోవిందా. దాని వెనకే మీరూనూ!" అనేసి ఆవిడ చక్కాపోయింది. అప్పటికే రెండు దాటింది.

మాస్టారు సర్వర్ తెరిచాడు. చీటీ చెప్పిన చోట ఏనుగు కాదు కదా, తోక ముక్క కూడా లేదు. గబగబా ఇంకో రెండుసార్లు వెతికాడు. ఆ సినిమా గీసిన మరదలు మాత్రం పక్క కుర్చీలో తాపీగా యాపిల్ కొరుకుతోంది.

"నువ్వసలు సరిగ్గా ఎక్కించావా?"

"రెండు గంటలు కూర్చుని మరీ ఎక్కించాను బావగారూ. కావాలంటే లాగ్ చూడండి."

చూశాడు. ఎక్కించినట్టే ఉంది. ఆ కింది లైన్లో, నిన్న సాయంత్రం తుడిచేసినట్టూ ఉంది. తుడిచినవాడి పేరు తనదే.

"నీ చీటీ ఇంకా నీ దగ్గరే ఉంది, అందరి ఫైళ్ళూ చేరే మెయిన్‌లో కలవలేదు కదే! ఏ చీటీకీ చెందని దిక్కులేని ఫైలనుకుని..."

"ఊడ్చి పారేశారన్నమాట."

"రెండు నెలల నీ కష్టం చేజేతులా తగలేశాను. మీ అక్కకి ఏ మొహం చూపించను?" అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"అక్కకి తర్వాత, ముందు అమ్మకి చూపించండి. మీరు మా గుమ్మం తొక్కి ఆరు నెలలైంది. ఇల్లు చూస్తే రెండు వీధుల అవతలే!"

"ఇప్పుడా ఆ గోల? నెత్తి మీద ఏనుగు కూర్చుంటే! ఇంకో కాపీ ఉందా, లేదా?"

"పెన్ డ్రైవులో ఉండేది. ఆఫీసులో పెన్ డ్రైవులు కూడదని, మొన్న అందరిచేతా కవర్లలో పెట్టించి లాక్కున్నారుగా."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కవర్లన్నీ తన సొరుగులోనే భద్రంగా ఉన్నాయి. కంగారులో తాళంచెవి రెండుసార్లు జారిపడింది. మూడోసారికి సొరుగు తెరుచుకుంది. మరదలి కవరు అంటించింది అంటించినట్టే ఉంది.

"చూశావా! ఆ రోజు నన్ను తిట్టుకోనివాడు లేడు. ఇవాళ నా పద్ధతే మనల్ని కాపాడింది," అంటూ కవరు చింపి, అరచేతిలోకి దులిపాడు.

ఒక చీటీ రాలింది. అందులో మూడే లైన్లు.

పేరు: ఏనుగు ఉన్న పెన్ డ్రైవు.

సైజు: బొటనవేలంత.

అసలు సరుకు దాచిన చోటు: మీ అత్తగారి కొంగుముడి. అల్లుడుగారు స్వయంగా వచ్చి కనబడితేనే డౌన్‌లోడ్ అవుతుంది.