ముదిగుబ్బ టెంటు సినిమా

మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తులు తప్పినా, రాత నిదానంగా సాగినా మన్నించండి.

"ఆఖరి రీలు రాలేదంట," అంది ఆంజినమ్మ, ట్రంకుపెట్టె గడప లోపల దింపుతూ.

మగ్గం గుంటలో కూర్చున్న కదిరప్ప తల ఎత్తలేదు. ముదిగుబ్బలో చిన్నక్క ఇంటికి పోయిన భార్య మూడు రోజుల తర్వాత తిరిగి వచ్చింది.

"టెంటులో సినిమా చూస్తిమి. మొగుడూ పెండ్లాల కత. వరసగా అన్నీ ఒకే మాదిరి ఇండ్లు, మన కాలనీ ఉన్నట్లే. ఆయప్ప ఆఫీసుకు పోతాడు, వస్తాడు, పేపరు చదువుతాడు. పెండ్లాంతో మాటే ఉండదు. ఆయమ్మ గోడతో మాట్లాడుకుంటా ఉంటాది. ఒకనాడు పెట్టె ఎత్తుకొని గేటు దాటి పోయింది. ఇంగ తెర మీద ఏమీ లేదు. రీలు బస్సులో రాలేదంట. జనం ఒకటే అరుపులు."

"ఊ," అన్నాడు కదిరప్ప.

ధర్మవరం నేతగాళ్ళ కాలనీలో నలభై ఇళ్ళు. నలభైకీ పచ్చరంగు తలుపులే. ప్రతి ఇంట్లో ఒక మగ్గం, మగ్గంలో మొగుడు, పక్కన రెండో అంచుకు పోగు చుట్టిన నాడె విసిరే పెళ్ళాం. కదిరప్ప ఇల్లూ అంతే. ఏడేళ్ళ కిందట మూడు నెలల ఆడబిడ్డ పోయింది. ఆనాటి నుంచి అతను "పోగు కండె ఇయ్యి", "అన్నం పెట్టు" తప్ప మాట్లాడింది తక్కువ.

ఆంజినమ్మ పెట్టె విప్పలేదు.

"ఈ చీర మగ్గం దిగినాంక తనకల్లుకు పోతా. మాయన్న రమ్మన్యాడు. ఇంగ తిరిగి రాను. అంచుకు కూలి మనిషిని పెట్టుకో."

నాడె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

సాయంత్రానికి ఈ మాట పక్కింటి పెద్దక్క చెవిన పడింది. వచ్చి గడపలో చతికిలబడింది.

"ఏమ్మే, ఈ కాలనీలో యా మొగుడు మాట్లాడతాడే? మా ఆయప్ప నోరు తెరిస్తే తిట్లే. అందరం ఉండాం కదా, నువ్వూ ఉండు."

"అందరి మాదిరి ఉండలేకనే పోతాండా పెద్దక్కా."

"పోయి ఏం చేస్తావు? నువ్వు చెప్పిన ఆ సినిమాలో ఆయమ్మ గూడా తిరిగొచ్చి మొగుని కాళ్ళ మీద పడింటాది. అన్ని సినిమాలూ అంతే."

"పడలేదు."

ఇద్దరు ఆడవాళ్ళూ వెనక్కి తిరిగారు. మాట్లాడింది కదిరప్ప.

"నీకెట్ల తెలుసప్పా?" అంది పెద్దక్క.

"చూసినా. అనంతపురంలో. చీరలు ఇయ్యను పోయినప్పుడు."

మర్నాడు మగ్గం దగ్గర ఆంజినమ్మ అడిగింది. "అయితే ఏమాయనో చెప్పు."

కదిరప్ప నాడె పక్కన పెట్టాడు. "ఆయమ్మ పోయినాంక ఆయప్ప పొయ్యి ముట్టిచ్చబోయినాడు. పొగ వచ్చె గానీ మంట రాలే."

"ఆ ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు కదయ్యా ఉండేది?"

"కిరసనాయిలు అయిపోయింటాది."

మూడో రోజుకు కదిరప్ప కథలో ఆ ఆఫీసరు ఒక్కడే మగ్గం ముందు కూర్చున్నాడు.

"మగ్గమా? ఆయప్పకు మగ్గం యాడిది?"

"సెలవు పెట్టి నేర్చుకున్యాడు. నన్ను చెప్పనిస్తావా లేదా?"

ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎనిమిది రోజుల్లో దిగాల్సిన చీర పన్నెండు రోజులైనా దిగలేదు. కదిరప్ప గడియకోసారి మగ్గం ఆపి, తెగని పోగులు కూడా వెదికి అతికిస్తున్నాడు.

"ఏమప్పా, చీర నేస్తాండావా, చీరకు జోల పాడతాండావా?" అంది పెద్దక్క అటు పోతూ.

పదిహేనో రోజు ఆఫీసరు బస్సెక్కాడు.

"ఆయమ్మ పుట్టింటికి పోయినాడు. లోపలికి పోలేదు. బయటే నిలబడినాడు."

"నిలబడి ఏమన్యాడు?"

కదిరప్ప నేత మీది నుంచి చూపు ఎత్తలేదు. "బిడ్డ పోయిన పొద్దు నీ పక్కన కూచోలేదు. పోయి మగ్గంలో కూచుంటి. నోరు తెరిస్తే ఏడుపు వస్తాదని తెరవలేదు. తెరవక తెరవక అట్లే మూసుకుపాయ. తప్పు నాది. అట్ల అన్యాడు."

ఆంజినమ్మ వేయాల్సిన నాడె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఆ సినిమాలో బిడ్డ లేదు కదయ్యా."

"ఆఖరి రీల్లో ఉండాది," అన్నాడు కదిరప్ప. "నువ్వు చూడలేదు కదా."

పక్క ఇళ్ళ మగ్గాలు టకటకమంటున్నాయి. ఈ ఇంట్లో మగ్గం ఒక్కటే ఆగి ఉంది.

"ఆయమ్మ ఏం చెప్పింది మరి? తిరిగొచ్చిందా?"

"తెల్దు. అప్పుడే కరెంటు పాయ."

మర్నాడు చీర దిగింది. కదిరప్ప దాన్ని మడిచి పక్కన పెట్టాడు. ఇక ఆపడానికి అతని దగ్గర పోగూ లేదు, కథా లేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వెనక ట్రంకుపెట్టె ఎత్తిన చప్పుడైంది. అడుగులు వినిపించాయి. అవి గడప వైపు కాక, లోపలి గదిలోకి పోయాయి.

ఆంజినమ్మ తిరిగి వచ్చి తన చోటులో కూర్చుంది.

"మగ్గం మీద పడుగు ఇంకా రెండు చీరలకు ఉండాది. కానియ్యి," అంది. "ఇంకో సినిమా ఏదన్నా చూసినావా, అనంతపురంలో?"

"శానా చూసినా," అన్నాడు కదిరప్ప.

ముదిగుబ్బలో ఉన్న ఆ మూడు రోజుల్లో ఆ ఆఖరి రీలు నేను రెండుసార్లు చూశాను.

— ఆంజినమ్మ, డెబ్బై నాలుగేళ్ళు, ధర్మవరం