టైరులో పత్తి

"గాలి మీద నేను కూర్చోనురా," అంటూ కృష్ణమ్మాళ్ బస్సు మెట్టు మీది కాలు వెనక్కి తీసుకుంది.

విరుదునగరులో కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. రైలు వెళ్లిపోయింది. కోవిల్‌పట్టిలో ఇక కొత్తగా వచ్చిన ఈ బస్సొక్కటే దిక్కు.

"నువ్వు నడిచి పొయ్యేలోపల నీ మనవడు పలక పట్టుకోని బడికి పోతాడమ్మా," అన్నాడు కొడుకు నారాయణన్.

"పోనీరా. గాలి నింపిన ఒట్టి రబ్బరు చక్రాలు. లాగితే సాగేదాన్ని నమ్మేదెట్లా?"

డ్రైవరు వేలుసామి నవ్వి, పక్కన పడేసిన పాత టైరును దొర్లించుకొచ్చాడు. "ఒట్టి రబ్బరైతే బుడగ మాదిరి ఉబ్బి పగిలిపోదా అవ్వా? లోపల దారం ఉండాది. అది సాగనీదు."

"ఏం దారం?"

"పత్తి దారమే."

పత్తి అనగానే ఆమె అక్కడే చతికిలబడి, టైరు చిరుగులోంచి ఒక పోగు పీకింది. రెండు చేతులా లాగింది. తెగలేదు. పురి విప్పి వెలుతురులో పట్టుకుని చూసింది.

"మన నల్లరేగడి పత్తి కాదు, పింజ పొడుగ్గా ఉండాది," అంది. "ఒక్క ఆకు నలుసు లేదు చూడరా. ఏ ఊరి ఆడదో, ఓపిగ్గా ఏరింది."

కొంగు దోపుకుని బస్సెక్కి కూర్చుంది.

"ఆమె చెయ్యి నమ్మి ఎక్కినా. నువ్వు మాత్రం మెల్లగా తోలు నాయనా."