పెరుగన్నం దాకా

ఓళిగ మీద నెయ్యి వేస్తూ పద్మాబాయి తన కట్టుబాటు తనే తప్పింది.

“శేషూ, నీకు ఉద్యోగం వచ్చిందప్పా! రేపే చేరాల.”

పడసాలలో విస్తళ్ల ముందు కూర్చున్న కుర్రాళ్లు తలెత్తి చూశారు. ఆ ఇంట్లో పెరుగన్నం దాకా ఉద్యోగం మాట ఎవరూ ఎత్తకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది ఆమే.

చదువుకునే పిల్లలకు వారాలిచ్చి అన్నం పెట్టే ఇళ్లు ఆదోనిలో చాలానే ఉండేవి. చదువైపోయి, పని దొరక్క తిరిగేవాణ్ణి పిలిచి పెట్టే ఇల్లు మాత్రం డెబ్బై ఎనిమిదిలో ఇదొక్కటే. అదీ ఆదివారం. మిగతా రోజుల్లో ఆఫీసుల చుట్టూ తిరిగి పొద్దు పుచ్చుతారు. ఆదివారం అన్ని తలుపులూ మూసే ఉంటాయి. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉంటారు. ఇక ప్రతివాడూ ఉద్యోగం సంగతి అడిగేవాడే, తామేదో ఇప్పించేవాళ్లలాగా!

పద్మాబాయి కొడుకు దత్తాత్రేయ కూడా అలాగే తిరిగాడు. ఒక గుమాస్తా పోస్టుకు కర్నూలులో ఇంటర్వ్యూ జరిగింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. దత్తుకు రాలేదు. అప్పట్నించి తండ్రి వెంకోబారావు పూటపూటా విస్తరి దగ్గరే అడిగేవాడు, “ఇంకేమన్నా చూస్తాండావా, లేదా?” అని. చెడ్డవాడు కాదు. బడిపంతులు, ప్రశ్నలు వేయడం అలవాటు. దత్తు సగం అన్నంలో లేచిపోయేవాడు. ఒక ఆదివారం అలాగే లేచి బయటికి పోయాడు. మర్నాడు నలుగురు మోసుకొచ్చారు.

ఇప్పుడు వెంకోబారావు ఎవర్నీ ఏమీ అడగడు. ఆదివారాలు చెంబు పట్టుకుని కుర్రాళ్లకు నీళ్లు పోస్తాడు. మడీ ఆచారం అన్నీ దత్తుతోనే పోయాయి. ఆ పడసాలలో ఎవరి పిల్లలైనా పక్కపక్కనే కూర్చుంటారు.

శేషన్న ఎమ్మిగనూరు నేతవాళ్ల పిల్లవాడు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అమ్మా, మీతో ఒక మాట సెప్పల్లని...”

“ఉద్యోగం మాటేనా?”

“అవునమ్మా.”

“ముందు తిను. పెరుగన్నమైనాక చెబుదువులే.”

తిన్నాక అడిగింది. వాడికి నోరు పెగల్లేదు. కళ్ల నిండా నీళ్లు. ఆమెకు ఇంకేం చెప్పాలి? అలాంటి మొహాలు ఎన్ని చూడలేదు! “ఏడవద్దప్పా. వచ్చే ఆదివారం గూడా రా,” అని వీపు నిమిరి పంపింది.

మధ్యలో ఒక్క ఆదివారం వాడు రాలేదు. ఆ రోజు పద్మాబాయి పొద్దుగూకేదాకా బస్టాండులో నిలబడింది. మరుసటి వారం వాడు గడప తొక్కగానే చెంప మీద ఒకటిచ్చి, వాణ్ణే పట్టుకుని బావురుమంది. “చచ్చినావనుకుంటి గదరా!”

ఆ తర్వాత జ్వరమొచ్చినా శేషన్న మానలేదు. అదే రంగు వెలిసిన చొక్కా, అదే వంచిన తల. మారు వడ్డించమని ఎన్నడూ అడగలేదు. వాడి కోసం ఆమె మొక్కని దేవుడు లేడు, ఎక్కని గడప లేదు. చివరికి పత్తి ఫ్యాక్టరీ మేనేజరు సేతుమాధవరావు ఇంటి అరుగు మీద కూర్చుని, ఊ అనేదాకా లేవలేదు. అందుకే ఈ పూట పూర్ణం రుబ్బి ఓళిగలు చేసింది.

“వద్దమ్మా,” అన్నాడు శేషన్న. “సిద్దప్పకిప్పించండి.”

సిద్దప్ప పక్క విస్తరి ముందు కూర్చున్న కుర్రాడు. ఆలూరు నుంచి వస్తాడు.

“వానికి గూడా అడుగుతాలే. ఇది నీది. ఏమిటికొద్దు?”

శేషన్న తల వంచుకుని ముద్ద కలపసాగాడు. పద్మాబాయి లోపలికి వెళ్లి, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా తెచ్చి వాడి పక్కన పెట్టింది.

“మా దత్తుది. ఇంటర్వ్యూకని కుట్టిస్తిమి. ఆ ఒక్కసారే తొడిగినాడు. జేబు మీద సిరా మరక ఎంత ఉతికినా పోలేదు గానీ, గుడ్డ మంచిది. రేపు నువ్వు దీన్నే తొడుక్కొని పోవాల.”

కలిపిన ముద్ద శేషన్న చేతిలోనే ఉండిపోయింది. మరక వైపే చూస్తున్నాడు.

“వద్దమ్మా. నాకు ఆ ఉద్యోగమూ వద్దు, ఈ సొక్కాయీ వద్దు.”

వెంకోబారావు చెంబుతో ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. పద్మాబాయి వాడి విస్తరి ముందే చతికిలబడింది.

“ఉద్యోగమొద్దా, బతుకే వద్దా? నువ్వు గూడా వాని మాదిరే చేస్తావేమోనని నాకు కంటికి కునుకు రాదురా. ఏమిటికొద్దో చెప్పు. చెప్పేదాకా గడప దాటనియ్యను.”

“సెప్తానమ్మా. పెరుగన్నం కానీండి.”

ఆ పూట వాడు మారు పెరుగు అడిగాడు. ఎన్నడూ అడగనివాడు అడిగేసరికి ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గరిటె నిండా వేసింది. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మిగతా కుర్రాళ్లు చేతులు కడుక్కుని ఒక్కొక్కరే జారుకున్నారు.

శేషన్న కూడా చేయి కడుక్కుని వచ్చాడు. చొక్కాను రెండు చేతులతో ఎత్తి గోడకానుకుని కూర్చున్న ఆమె ఒళ్లో పెట్టి, ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“ఈ మరక నా పెన్నుదమ్మా, ఆ పొద్దు కర్నూల్లో దత్తు పక్కన కూచున్నోణ్ణి నేనే, ఆ ఉద్యోగంలో ఈ పొద్దుండేదీ నేనే.”